కుక్కకా, యజమానికా? బెంగళూరులో గ్రూప్ ట్రైనింగ్ క్లాసులు నేర్పేది ఎవరికి

క్లుప్తంగా: గ్రూప్ ట్రైనింగ్ క్లాసులో ఎక్కువ నేర్చుకోవాల్సింది పట్టీ పట్టుకున్న మనిషి. కుక్కలు ఏ పాఠాన్నైనా మనిషితో, చోటుతో ముడిపెట్టి గుర్తుంచుకుంటాయి. ట్రైనర్ మాట వినే కుక్క ఇంట్లోవాళ్ల మాట వినకపోవడానికి, క్లాసులో బుద్ధిగా కూర్చునే కుక్క లిఫ్టు దగ్గర ఎగబడటానికి కారణం ఇదే. కుక్కపిల్లలను ఆలస్యం చేయకుండా క్లాసులో చేర్చడం మంచిది. ఇప్పటికే ఎవరినైనా కరిచిన కుక్కకు, విపరీతంగా భయపడే కుక్కకు మాత్రం గ్రూప్ క్లాసు సరిపడదు.

## చర్చ ఎందుకు మొదలైంది

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వీరిలో ఎంతోమంది పెరిగిన ఊళ్లలో కుక్క వాకిట్లో ఉండేది. మిగిలిన అన్నం తినేది, రాత్రి కొత్త మనిషి వస్తే మొరిగేది, పగలంతా తనకు తోచినట్టు తిరిగేది. అంతకుమించి దాని నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు కాబట్టి నేర్పాల్సిన పనీ పడలేదు. పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే లాబ్రడార్ బతుకు అలా కాదు. రోజుకు మూడు నాలుగుసార్లు లిఫ్టు ఎక్కి దిగాలి. హెల్మెట్ తీయని డెలివరీ బాయ్, సైకిళ్లు తొక్కే పిల్లలు, కుక్కంటే హడలిపోయే పెద్దావిడ, పక్క బ్లాకులోని మరో కుక్క, అందరూ ఆ ఇరుకు చోటులోనే ఎదురవుతారు. ఊళ్లో మొరిగితే కాపలా, ఇక్కడ మొరిగితే అసోసియేషన్‌కు ఫిర్యాదు.

దీనికి తోడు 2024 నుంచి కుక్కలు వార్తల్లోనే ఉన్నాయి. 2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వం రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలంటూ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. సంబంధిత వర్గాల మాట వినకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. 2025 ఆగస్టులో వీధి కుక్కలపై సుప్రీంకోర్టు ముందు ఒక ఉత్తర్వు ఇచ్చి, రోజుల వ్యవధిలోనే దాన్ని సవరించడంతో దేశమంతా వాదన నడిచింది. ఆ ఉత్తర్వులు పెంపుడు కుక్కల గురించి కాకపోయినా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం అన్నీ కలిసిపోయి "మీ కుక్కకు ట్రైనింగ్ ఇప్పించారా?" అనే ప్రశ్న దగ్గరికి చేరాయి. యజమానులు క్లాసుల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఎవరు నేర్పుతున్నారు, ఏ పద్ధతిలో నేర్పుతున్నారు, చేరితే కుక్క నిజంగా మారుతుందా అన్నదాని మీద మాత్రం గందరగోళం పోలేదు.

## దొరికే శిక్షణ మూడు రకాలు

బెంగళూరులో ఎక్కువగా కనిపించేది ఇంటికి వచ్చే ట్రైనర్. వారానికి కొన్ని రోజులు, రోజుకు అరగంటో ముప్పావుగంటో, నెల లెక్కన ఫీజు. ఆ వేళకు ఇంట్లోవాళ్లు చాలాసార్లు ఆఫీసు కాల్‌లో ఉంటారు. పట్టీ ట్రైనర్ చేతికిచ్చి మళ్లీ లాప్‌టాప్ ముందుకు వెళ్తారు. రెండోది హాస్టల్ పద్ధతి. ఊరి శివార్లలోని కెన్నెల్‌లో కుక్కను కొన్ని వారాలు వదిలి, శిక్షణ పూర్తయ్యాక తెచ్చుకుంటారు. మూడోది గ్రూప్ క్లాసు. శని, ఆదివారాల్లో పొద్దున్నే ఏదో మైదానంలోనో, అపార్ట్‌మెంట్ లాన్‌లోనో ఆరేడు కుక్కలు, వాటి మనుషులు, ఒక ట్రైనర్ కలుస్తారు. ట్రైనర్ మాట్లాడేదంతా మనుషులతోనే. పట్టీ పట్టుకునేది, తినిపించేది ఇంటివాళ్లే.

మొదటి రెండు పద్ధతుల్లో కుక్క త్వరగా నేర్చుకున్నట్టు కనిపిస్తుంది. అనుభవమున్న చేతిలో నేర్చుకుంటోంది కదా. నెలాఖరుకు ట్రైనర్ "సిట్" అనగానే కూర్చుంటుంది, "స్టే" అంటే కదలదు. ట్రైనర్ రావడం మానేసిన కొన్ని వారాలకే ఇంట్లోవాళ్లు "డబ్బులు దండగ" అనుకుంటారు. కారు ఎంత బాగా నడపాలో డ్రైవింగ్ స్కూలు మాస్టారే రోజూ నడిపి చూపిస్తే పక్క సీట్లో కూర్చున్నవారి చేయి ఎన్నటికీ తిరగదు. ఇక్కడా జరిగేది అదే. కుక్క మారింది, దానితో ఉండే మనుషుల అలవాట్లు మారలేదు. ఆ అలవాట్లే కుక్కను మళ్లీ పాత దారికి లాగుతాయి.

గ్రూప్ క్లాసులో మొదటి రెండు వారాలు అంతా గందరగోళంగానే ఉంటుంది. ఒకటి మొరిగితే మిగతావి అందుకుంటాయి, యజమాని చేతిలో పట్టీ చిక్కుపడుతుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. పాఠం మొదలయ్యేది ఆ తర్వాతే.

## సైన్యం నుంచి లాన్ దాకా

గ్రూప్ క్లాసు రూపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇప్పటి పద్ధతుల గొడవ సగం అర్థమవుతుంది. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కొన్‌రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన విధానాలు ప్రపంచ యుద్ధాల కాలంలో సైనిక కుక్కల శిక్షణను ప్రభావితం చేశాయి. మెడ గొలుసు గుంజడం, గట్టిగా ఆజ్ఞాపించడం, వరుసలో నడిపించడం అందులో భాగం. అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే పూడుల్ జాతి కుక్కల పెంపకందారు 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో విధేయత పోటీ పెట్టారు. పూడుల్స్ అందానికే కాదు, తెలివికీ తక్కువేం కావని చూపించడం ఆమె ఉద్దేశం. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి పోటీలకు నియమాలు రాసింది. పోటీలకు సిద్ధం కావాలనుకున్న మామూలు యజమానులు కలిసి నేర్చుకోవడంతో క్లాసులు విస్తరించాయి.

అమెరికాలో స్థిరపడిన బ్రిటిష్ పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ 1980ల్లో కుక్కపిల్లలకు పట్టీ లేని క్లాసులకు ప్రచారం కల్పించారు. అప్పటిదాకా ఆరు నెలలు దాటాకే శిక్షణ అనేవారు, గొలుసు గుంజుడు తట్టుకునే వయసు రావాలి కాబట్టి. తిండి చూపించి నేర్పడానికి ఆ వయసు దాకా ఆగనక్కర్లేదు. సరైన పని చేసిన క్షణాన్ని చప్పుడుతో గుర్తించే పద్ధతి డాల్ఫిన్ల శిక్షణలో ఈలతో సాగేది, అది క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న డబ్బీ) రూపంలో కుక్కలకు చేరింది. 1989లో అదే కెన్నెల్ క్లబ్ పది అంశాల మంచి ప్రవర్తన పరీక్ష మొదలుపెట్టింది. కొత్త మనిషి పలకరిస్తే స్థిమితంగా ఉండటం, గుంపులోంచి నడవడం, మరో కుక్క ఎదురైనా ఎగబడకపోవడం, పిలిస్తే రావడం లాంటివి అందులో ఉన్నాయి. జాతి, వంశం చూడరు. ఫ్లాట్‌లో ఉండే కుక్కకు కావలసింది దాదాపు ఇదే జాబితా.

బెంగళూరులో ఈ రెండు వారసత్వాలూ పక్కపక్కనే ఉన్నాయి. సైన్యంలో, పోలీసు డాగ్ స్క్వాడ్‌లో పనిచేసి వచ్చినవారి పద్ధతి ఒకటి. విదేశీ కోర్సులు చదివిన కొత్త తరం పద్ధతి మరొకటి. బయట బోర్డు మీద రెండింటికీ పేరు ఒకటే.

## పట్టీ పట్టుకున్న చేతిలో జరిగే తప్పులు

1898లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో పెట్టి చేసిన ప్రయోగాల నుంచి, తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ పరిశోధనల నుంచి తేలిన సూత్రం చాలా మామూలుగా కనిపిస్తుంది. ఏ పని వెంటనే మంచి ఫలితం వస్తుందో ఆ పని పెరుగుతుంది. ఇందులో "వెంటనే" అన్నదే అసలు కిటుకు.

కుక్క కూర్చుంటుంది. యజమాని జేబు జిప్పు తీసి, కవరు విప్పి, ముక్క తీసేలోపు నాలుగు సెకన్లు గడుస్తాయి. ఈలోపు కుక్క లేచి నిలబడి యజమాని మీదికి రెండు కాళ్లు ఎత్తుతుంది. అప్పుడు చేతిలోని చికెన్ ముక్క దాని నోట్లోకి వెళ్తుంది. యజమాని దృష్టిలో కూర్చున్నందుకు ఇచ్చాడు, కుక్క లెక్కలో మీద పడినందుకు వచ్చింది. సెకను లోపు ఇవ్వగలగడం సాధన మీద వచ్చే నైపుణ్యం. అందుకే మంచి క్లాసుల్లో మొదటి గంట కుక్కలు లేకుండా మనుషులకే ఉంటుంది.

రెండో తప్పు మాట రిపీట్ చేయడం. "సిట్, సిట్, అరే సిట్" అని నాలుగోసారికి వీపు మీద నొక్కితే, నాలుగోసారి దాకా పట్టించుకోనక్కర్లేదని కుక్క నేర్చుకుంటుంది. లాగడం మూడోది. పట్టీ గట్టిగా లాగితే చెట్టు దగ్గరికి చేరుతున్నంత కాలం లాగడానికి రోజూ బహుమతి అందుతున్నట్టే. చేయి నొప్పి పుట్టి యజమాని తిట్టినా, చెట్టు వాసన చూడటం దొరికింది కాబట్టి ఆ తిట్టు లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా మొండిది ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతి. భోజనాల బల్ల దగ్గర కుక్క మూలిగిన ప్రతిసారీ ఎవరూ ఏమీ పెట్టరు. వారానికి రెండుసార్లు అమ్మమ్మ మనసు కరిగి ఇడ్లీ ముక్క వేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితం కోసం జంతువులు ఎక్కువసేపు, ఎక్కువ పట్టుదలతో ప్రయత్నిస్తాయని స్కిన్నర్ ప్రయోగశాల చాలాకాలం క్రితమే చూపింది. మరో చిక్కు కూడా ఉంది. ఇక పెట్టకూడదని ఇంట్లో గట్టిగా నిర్ణయించుకున్నాక, మూలుగు తగ్గేముందు ఒకసారి బాగా పెరుగుతుంది, మొరగడమూ మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజునే, పక్కింటివాళ్లు ఏమంటారో అన్న టెన్షన్‌లో, ఎవరో ఒకరు పెట్టేస్తారు. మూలిగితే చాలదు, మొరగాలి అని ఆ రోజుతో కుక్కకు అర్థమవుతుంది.

ఇవన్నీ ఇంటికి వచ్చే ట్రైనర్ నోటితో చెప్పవచ్చు, చెబుతారు కూడా. గ్రూపులో తేడా ఏమిటంటే, పక్కవారు చేస్తున్న తప్పు కళ్లకు కనిపిస్తుంది. తన చేయి ఆలస్యం కావడం ఎవరికీ తెలియదు, ఎదుటివారి చేయి ఆలస్యమైతే ఇట్టే తెలుస్తుంది. వారం తిరిగేసరికి ఆ చూపు తన చేతి మీదికి మళ్లుతుంది. దీనికి వ్యతిరేక ప్రభావమూ లేకపోలేదు. పదిమంది ముందు తన కుక్కే మొరుగుతుంటే పరువు పోయినట్టనిపించి, ఇంట్లో ఎప్పుడూ చేయని మనిషి కూడా పట్టీని గట్టిగా గుంజుతాడు. ట్రైనర్ ఆ క్షణంలో యజమానిని ఎలా సముదాయిస్తారన్న దాని మీద క్లాసు నాణ్యత చాలావరకు ఆధారపడి ఉంటుంది.

## క్లాసులో వచ్చింది లిఫ్టు దగ్గర ఎందుకు రాదు

మనిషి "కూర్చోవడం" అంటే ఏమిటో ఒక చోట నేర్చుకుంటే అన్నిచోట్లా వర్తింపజేస్తాడు. కుక్క అలా చేయదు. వంటింట్లో, యజమాని నిలబడి, చేతిలో బిస్కెట్‌తో చెప్పిన "సిట్" ఒక పాఠం. లాబీలో, యజమాని ఫోన్ చూస్తూ, ఎదురుగా బీగల్ వస్తుండగా చెప్పిన "సిట్" కుక్కకు కొత్త పాఠమే. అది మొండితనం అనుకుని కోప్పడితే నేర్పాల్సిన అసలు పాఠం అక్కడే ఆగిపోతుంది.

ఈ అంతరాన్ని పూడ్చడానికి ట్రైనర్లు మూడింటిని విడివిడిగా పెంచుతారు: ఎంతసేపు, ఎంత దూరం నుంచి, చుట్టూ ఎంత అలజడిలో. ఒకటి పెంచేటప్పుడు మిగతా రెండూ తగ్గించాలి. గ్రూప్ క్లాసు ఇచ్చే ప్రత్యేక సౌకర్యం మూడోది. ఇంట్లో ఎంత డబ్బు పెట్టినా ఆరు కొత్త కుక్కల అలజడిని తెచ్చి పెట్టలేరు. అయితే దానికి దూరమే పగ్గం. మరో కుక్క పది మీటర్ల అవతల ఉంటే యజమాని వైపు చూడగలిగే కుక్క, రెండు మీటర్లలోకి వస్తే ఏమీ వినలేని స్థితికి వెళ్తుంది. ఆ స్థితిలో చికెన్ ముక్క కూడా నోట పెట్టదు. తిండి ముట్టని కుక్కకు ఆ నిమిషంలో ఏ పాఠమూ ఎక్కదని అనుభవమున్న ట్రైనర్లు వెంటనే గుర్తించి దూరం పెంచుతారు. ఇరుకు టెర్రస్ మీద పన్నెండు కుక్కలను చుట్టూ నిలబెట్టే క్లాసులో ఈ అవకాశమే ఉండదు.

క్లాసులో ఆరు వారాలు గడిచినా లిఫ్టు దగ్గర మార్పు రాలేదంటే, లిఫ్టు దగ్గర సాధన చేయలేదని అర్థం. క్లాసు పద్ధతి చూపిస్తుంది. లాబీ, గేటు, పార్కింగ్, కిరాణా కొట్టు ముందు సాధన యజమాని చేసుకోవాల్సిందే.

## వారానికి ఒక్క క్లాసు సరిపోతుందా

రోజూ వచ్చే ట్రైనర్‌తో పోలిస్తే వారానికి ఒక గంట చాలా తక్కువ అనిపిస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి ఆసక్తికరమైన జవాబిస్తుంది. 18 బీగల్ కుక్కల్లో సగానికి వారానికి ఒకసారి, సగానికి వారానికి ఐదుసార్లు ఒకే పని నేర్పారు. వారానికోసారి నేర్చుకున్నవి తక్కువ పాఠాల్లోనే పని పట్టుకున్నాయి. క్యాలెండర్ ప్రకారం చూస్తే రోజూ నేర్చుకున్నవే ముందు పూర్తి చేశాయి. అంటే, పాఠాల మధ్య ఎడం నేర్పుకు అడ్డం కాదు, పైగా ఒక్కో పాఠం ఫలితాన్ని పెంచుతుంది. ఇది ప్రయోగశాల కుక్కల మీద, ఒక చిన్న పని మీద చేసిన పరిశోధన అన్నది గుర్తుంచుకోవాలి. అయినా, నెలకు ఇరవై పాఠాలంటూ చేసే ప్రచారాన్ని చూసి వారానికొక్క క్లాసును తీసిపారేయనక్కర్లేదనడానికి ఇది చాలు.

## కుక్కపిల్లలు: ఆరు వారాల గడువు

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసి 1965లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, కుక్కపిల్ల ప్రపంచాన్ని భయం లేకుండా అంగీకరించే కాలం సుమారు 3 వారాల వయసులో మొదలై 12 వారాల దగ్గర ముగుస్తుంది. తర్వాతి నిపుణులు దీన్ని 14 వారాల దాకా చెబుతారు. కాబట్టి పిల్ల ఇంటికి వచ్చాక మిగిలేది మహా అయితే ఆరు వారాలు.

మరోపక్క, పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాల వరుస 16 వారాల వయసు దాకా సాగుతుంది. పార్వో వైరస్ కుక్కల మలం ద్వారా వ్యాపించి, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకే "టీకాలన్నీ అయ్యేదాకా కిందికి దించొద్దు" అన్న సలహా బెంగళూరు క్లినిక్‌లలో తరచూ వినిపిస్తుంది. ఆ సలహాను అక్షరాలా పాటిస్తే పిల్ల బయటి ప్రపంచాన్ని మొదటిసారి చూసేది ఆ గడువు ముగిశాకే. లిఫ్టు చప్పుడుకు వణికే, పిల్లలను చూసి గుర్రుమనే ఏడాది కుక్కల్లో చాలావాటి వెనక ఈ కథ ఉంటుంది. 2020, 2021 లాక్‌డౌన్‌లలో పెరిగిన కుక్కపిల్లల విషయంలో ఇది ఇంకా స్పష్టం. వాటికి ఆ వయసులో ఇంటికి వచ్చే అతిథులే లేరు.

జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లో ఈ చిక్కుకు మధ్యేమార్గం సూచించింది. మొదటి టీకా వేసి కనీసం ఏడు రోజులు, నులిపురుగుల మందు ఒక విడత అయితే, 7, 8 వారాల వయసు నుంచే కుక్కపిల్లలను క్లాసుకు తీసుకెళ్లవచ్చని చెప్పింది. క్లాసు జరిగే చోటు శుభ్రంగా ఉండాలన్న షరతు పెట్టింది. బెంగళూరుకు ఈ షరతే ప్రాణం. వీధి కుక్కలు తిరిగే పార్కు మట్టిలో పార్వో ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. కడగడానికి వీలైన గచ్చు నేల, వచ్చిన ప్రతి పిల్లకూ టీకా కార్డు చూడటం, బ్లీచింగ్‌తో శుభ్రం చేయడం ఉన్నచోట ప్రమాదం చాలా తగ్గుతుంది. మామూలు ఫ్లోర్ క్లీనర్లు చాలావరకు పార్వోను చంపవు. అలాంటి క్లాసు దగ్గర్లో లేకపోతే పిల్లను చేతుల్లో ఎత్తుకుని లాబీ, రోడ్డు, మార్కెట్ చూపించడం, టీకాలున్న ఆరోగ్యమైన కుక్కల ఇంటికి తీసుకెళ్లడం కూడా ఆ గడువును కాపాడతాయి. ఈ నిర్ణయం పశువైద్యుడితో మాట్లాడే తీసుకోవాలి.

## గొలుసా, చికెన్ ముక్కా

"కుక్కకు మీరే బాస్ అని తెలియాలి" అనే మాట ఇప్పటికీ చాలా మైదానాల్లో వినిపిస్తుంది. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్ల మీద రాసిన అధ్యయనం. ఎక్కడెక్కడివో తోడేళ్లను ఒక ఆవరణలో పడేస్తే అవి పెత్తనం కోసం పోట్లాడుకున్నాయి. అడవిలో తోడేళ్లను ఏళ్లపాటు గమనించిన డేవిడ్ మీచ్ 1999లో అక్కడి గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు అని వివరించారు. పెత్తనం కోసం నిత్యం కొట్లాట అన్న చిత్రం అడవికే సరిపడలేదు. వేల ఏళ్లుగా మనిషి పక్కన బతుకుతున్న కుక్కకు ఇంకా సరిపడదు. శాస్త్రం వదిలేసిన ఈ వాదం శిక్షణ మైదానాల్ని ఇంకా వదల్లేదు.

చోక్ చైన్ (లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు) పనిచేయదని చెప్పడం సరికాదు. నొప్పి తగిలినప్పుడు కుక్క ఆ పని ఆపుతుంది. అందుకే అది నమ్మకంగా అనిపిస్తుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. మరో కుక్క కనిపించిన ప్రతిసారీ మెడ బిగిస్తే, కుక్క ఆ నొప్పిని తన ప్రవర్తనతో కాకుండా ఎదురుగా ఉన్న కుక్కతో ముడిపెట్టే అవకాశం ఎక్కువ. గుర్రుమన్నందుకు శిక్షిస్తే గుర్రుమనడం మానుతుంది. భయం మాత్రం అలాగే ఉంటుంది. హెచ్చరిక లేకుండా కరిచే కుక్కలు కొన్ని ఇలా తయారవుతాయి. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో శిక్షణ బడులకు వెళ్లే 92 కుక్కల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. నొప్పి, బెదిరింపు ఎక్కువగా వాడే బడుల్లోని కుక్కలు మూతి నాక్కోవడం, ఆవులించడం లాంటి ఒత్తిడి లక్షణాలు ఎక్కువ చూపాయి. క్లాసు తర్వాత వాటి లాలాజలంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా పెరిగింది. బహుమతితో నేర్పిన బడుల్లో అలా కనిపించలేదు. పైన చెప్పిన పశువైద్యుల సంఘం 2021లో బహుమతి పద్ధతినే సిఫారసు చేసింది. ఎలక్ట్రిక్ షాక్ కాలర్లను వేల్స్ 2010లోనే నిషేధించింది. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ జంతువును కొట్టడాన్ని, అనవసరంగా బాధపెట్టడాన్ని నేరంగా చూస్తుంది. శిక్షణ పేరుతో కొట్టినా ఆ చట్టం నుంచి మినహాయింపు లేదు.

తిండి పద్ధతి మీద ఉన్న అభ్యంతరం, "బిస్కెట్ లేకపోతే వినదు" అన్నది. ఇది పద్ధతి లోపం కాదు, సగంలో ఆపేయడం. కొత్త పని నేర్పేటప్పుడు ప్రతిసారీ ఇచ్చి, పట్టుబడ్డాక అప్పుడప్పుడు మాత్రమే ఇవ్వాలి. తిండికి బదులు తలుపు తీయడం, బంతి వేయడం లాంటివి కూడా ఇవ్వవచ్చు. ముక్క శనగగింజంత ఉంటే చాలు. ఉడికించిన చికెన్, పనీర్, క్యారెట్ అన్నీ పనికొస్తాయి. ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం కుక్కలకు విషం.

## బెంగళూరు ఇళ్లలో వచ్చే చిక్కులు

ఇక్కడి తెలుగు ఇంట్లో కుక్కతో మాట్లాడేవారు ఒక్కరు కాదు. పిల్లలు "సిట్" అంటారు, నానమ్మ "కూర్చో" అంటుంది, వాకింగ్‌కు తిప్పే అబ్బాయి కన్నడంలోనో హిందీలోనో ఏదో అంటాడు. కుక్క మాటకన్నా చేతి సైగను తేలిగ్గా పట్టుకుంటుంది. అందుకే క్లాసులో మొదట సైగే నేర్పుతారు. ఇంటిల్లిపాదీ ఒకే సైగ వాడితే మాట ఎవరిదైనా ఇబ్బంది లేదు. క్లాసుకు ఇంటి నుంచి ఒక్కరే వెళ్లడం పెద్ద నష్టం. రోజూ కుక్కను తిప్పేది పనివాళ్లయితే ఒకటి రెండు క్లాసులకు వారిని పంపడం ఎంతో మేలు.

వీధి కుక్కలు మరో సంగతి. 2023లో బెంగళూరు నగరపాలక సంస్థ చేయించిన లెక్కలో వీధి కుక్కలు సుమారు 2.79 లక్షలు. 2019లో ఇవి 3.10 లక్షలు. గేటు దాటగానే ఏదో ఒక గుంపు హద్దులోకి అడుగు పెట్టినట్టే. విదేశీ పాఠ్యక్రమంలో ఈ పరిస్థితికి పాఠం ఉండదు. పట్టీ ఉన్న కుక్కకు పారిపోయే వీలుండదు, అది తెలిసి ఎక్కువ మొరుగుతుంది. ఇక్కడ పనికొచ్చేవి మూడు: ఆగి నిలబడి చూడకుండా దూరంగా వంపు తిరిగి నడవడం, పిలవగానే వెనక్కి మళ్లే అలవాటు, పట్టీ వదులుగా ఉంచడం. మంచి స్థానిక ట్రైనర్లు చివరి క్లాసులను మైదానంలోంచి అసలు రోడ్డు మీదికి తీసుకెళ్లేది ఇందుకే. వీధి నుంచి దత్తత తెచ్చుకున్న ఇండీ (దేశవాళీ) కుక్కల్లో చాలావాటికి తోటి కుక్కల భాష బాగా వచ్చు. వాటికి కష్టమయ్యేది పట్టీ, లిఫ్టు, మూసిన తలుపులు.

వేళ కూడా ముఖ్యమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొమ్మిది దాటితే తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి ఒత్తుబొచ్చు జాతులు అంతకుముందే అలసిపోతాయి. గడ్డి మైదానంలో క్లాసైతే పిడుదుల మందు తప్పనిసరి. వాటి ద్వారా వచ్చే జ్వరం ఈ నగరంలో మామూలు.

## ఎవరు రాకూడదు

ఇప్పటికే మనిషినో కుక్కనో కరిచిన కుక్క, మరో కుక్క కనిపిస్తే నిమిషాల తరబడి తేరుకోలేనిది, గుంపులో మూలకు నక్కి వణికేది గ్రూప్ క్లాసుకు రాకూడదు. "నాలుగు కుక్కల మధ్య ఉంటే అలవాటవుతుంది" అన్న నమ్మకం వీటి విషయంలో హాని చేస్తుంది. తప్పించుకోలేని చోట భయాన్ని పదే పదే చూపిస్తే భయం పెరుగుతుంది. కొన్నిసార్లు కుక్క చేష్టలుడిగి ఊరుకుంటుంది, దాన్ని బాగుపడటంగా పొరబడతారు. ఉన్నట్టుండి కోపం మొదలైన పెద్ద కుక్కను మొదట పశువైద్యుడికి చూపించాలి. కీళ్ల నొప్పి, చెవి పోటు, పంటి బాధ కూడా కుక్కను అలా మారుస్తాయి. ఇలాంటివాటికి ఒక్కరితో ఒక్కరుగా సాగే శిక్షణే దారి. మెరుగుపడ్డాక చిన్న గ్రూపులోకి తేవచ్చు.

## సర్టిఫికెట్, చట్టం

క్లాసు చివర ఇచ్చే సర్టిఫికెట్‌తో అసోసియేషన్ వివాదాలు తీరవు. పెంపుడు కుక్కను నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని, లిఫ్టు వాడకాన్ని కాదనలేవని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు ఇప్పటికే చెబుతున్నాయి. అంటే శిక్షణ లేని కుక్కకూ ఆ హక్కు ఉంది. మరోవైపు, జంతువు వల్ల ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

నేర్పేవారి వైపు కూడా ఖాళీ ఉంది. మన దేశంలో డాగ్ ట్రైనర్ కావడానికి ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. విదేశీ సంస్థల కోర్సులు చదివినవారూ, ఎవరి దగ్గరో కొన్నాళ్లు చూసి నేర్చుకున్నవారూ ఒకే పేరుతో పనిచేయవచ్చు. కాబట్టి పరీక్షించే పని ఫీజు కట్టేవారి మీదే పడుతుంది. డబ్బు కట్టేముందు కుక్కను ఇంట్లో ఉంచి ఒక క్లాసు చూసి రావడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. టీకా కార్డులు అడుగుతున్నారా, కుక్కల మధ్య ఎంత చోటు వదిలారు, ఆరేడు కుక్కలకు మించితే సహాయకుడు ఉన్నాడా, చెప్పిన పని చేయని కుక్కతో ట్రైనర్ ఏం చేస్తున్నారు, యజమాని చేతిలోంచి పట్టీ లాక్కుని తానే చేసి చూపిస్తున్నారా, లేక ఆ యజమాని చేతే చేయిస్తున్నారా అన్నవి గంటలో తెలిసిపోతాయి. పది రోజుల్లో పూర్తిగా మారుస్తానని మాట ఇచ్చేవారిని, క్లాసు చూడటానికి రానివ్వనివారిని పక్కన పెట్టి ఇంకొకరిని వెతకడం మంచిది.